పల్లపు మడిలో ముళ్ళ వంగ

జూన్ నెల మొదటి శనివారం, ఉదయం ఐదు గంటల పది నిమిషాలు. ఎడ్మంటన్ ఉత్తరపు అంచున, వాగు పక్కనున్న కమ్యూనిటీ గార్డెన్‌లో, వాలు అడుగునున్న మడి ముందు నేను నిలబడి ఉన్నాను. అప్పటికి నేను ఊరి బయట ఒక గ్రీన్‌హౌస్‌లో అసిస్టెంట్ గ్రోయర్ని. అది నా పదహారో సీజను. ఆ మడిలో పంతొమ్మిది వంగ మొక్కలున్నాయి. వాటికి నారు పోసింది నేను, నాటింది నేను, ఆ మడిని ఎంచింది కూడా నేనే. ఆరేళ్ళయింది. ఆ ఉదయం జరిగింది ఇంతవరకూ సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పని గురించి కొంత చెప్పాలి. ఈ ఊళ్ళో మే నెల సగమయ్యేదాకా నేల పనికి రాదు. సెప్టెంబరు మొదటి వారాల్లోనే మళ్ళీ చలి కొట్టేస్తుంది. మధ్యలో ఉన్న నాలుగు నెలల్లోపే పూయాలి, కాయాలి, పండాలి. అందుకని ఇక్కడివాళ్ళు విత్తనం నేలలో వెయ్యరు. ఫిబ్రవరిలో, బయట మోకాలి లోతు మంచు ఉండగానే, మేము లోపల వెచ్చటి బెంచీల మీద ట్రేలలో విత్తనం వేస్తాం. మే నెల లాంగ్ వీకెండ్‌కి జనం వచ్చి మొక్కలు కొనుక్కుపోతారు. ఏడాది మొత్తానికి మా వ్యాపారం ఆ మూడు రోజులే.

మాలో మెట్లున్నాయి. సీజను కూలీ అట్టడుగు. ట్రేలో మొలిచిన నారును వేలితో తీసి పెద్ద గుంటల్లోకి మార్చడం ఆ కూలీ పని. ఆ పైన సెక్షన్ లీడు. ఆ పైన అసిస్టెంట్ గ్రోయరు, అంటే నీళ్ళు, ఎరువు, వేడి ఎంతివ్వాలో చూసే మనిషి. అందరి మీదా హెడ్ గ్రోయరు. మా హెడ్ గ్రోయరు వాల్టర్ అనే పొడుగాటి మనిషి. మాటలు తక్కువ, రాత ఎక్కువ. వేసిన ప్రతి ట్రేకీ లాగ్‌బుక్‌లో ఒక వరస నింపాలి: రకం పేరు, వేసిన తేదీ, వేసిన గింజలు, ఆపిన గింజలు. ఆ చివరి గడి వాల్టర్ సొంతంగా పెట్టించింది. ఏ విత్తనమైనా మూడో వంతు ఫ్రిజ్‌లో ఆపాల్సిందే. హీటరు చెడిపోవచ్చు, తెగులు రావచ్చు, ఎలక తినొచ్చు. ఆపిన గింజలుంటే మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

నేను కడియం నర్సరీల్లో పెరిగాను. పదేళ్ళకే మామిడికి అంటు కట్టేదాన్ని. నా భర్త వెల్డరు. గల్ఫ్‌లో చేసి, అక్కణ్ణుంచి ఆల్బర్టా వచ్చాడు. ఆయన వెనకే నేనూ వచ్చినప్పుడు నాకు నలభై తొమ్మిది. ఏ భాషలోనూ అక్షరం రాదు. ఆకు చూసి రకం చెప్పగలిగేదాన్ని గానీ మొక్క పక్కన గుచ్చిన చీటీ చదవలేకపోయేదాన్ని. సెక్షన్ లీడు కావాలంటే లాగ్ రాయాలి. అందుకని యాభై ఒకటో ఏట అక్షరాలు దిద్దాను.

దిద్దించింది సుభద్రమ్మ గారు. అందరం టీచరు గారు అంటాం. కడప జిల్లాలో ముప్పై ఏళ్ళు ప్రైమరీ స్కూల్లో పనిచేసి, కొడుకు దగ్గరికి వచ్చేశారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ముందు తెలుగు దిద్దించి, తర్వాత ఇంగ్లిషు నేర్పారు. విత్తనాల ప్యాకెట్ల మీద బొమ్మ నాకు తెలుసు కనక, బొమ్మ పక్కన పేరు చూపించి చదివించేవారు. రెండు చలికాలాలు పట్టింది. ఒక్క ఆదివారం కూడా మానలేదు, ఒక్క గుడ్డముక్క కూడా పుచ్చుకోలేదు. ఆవిడ నన్ను అడిగిన పని ఒక్కటే. అది ఈ వంకాయల సంగతి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో నన్ను ఇంటికి పిలిచి, పాత నోటుబుక్కు కాగితం మడత విప్పి వంటింటి గట్టు మీద పెట్టారు. గింజలు. వాళ్ళ ఊరి ముళ్ళ వంగ. కాయ తెలుపు, మీద ఆకుపచ్చ చారలు, తొడిమకు ముళ్ళు. చెనక్కాయల పొడి కూరి వండితే దానికి సాటి లేదని ఆవిడ చెప్పేవారు. ఆ ఊరు రిజర్వాయరు నీళ్ళ కిందికి పోయింది, జనం ప్రభుత్వం కట్టిచ్చిన కాలనీకి మారారు. ఊరు ఖాళీ చేసే ఏడాది వాళ్ళమ్మ పెరట్లో ఆఖరి కాయ ముగ్గబెట్టి తీసిన గింజలవి.

"ఎన్నుండాయో లెక్కపెట్టు," అన్నారు.

"ముప్పై నాలుగండి."

"ఇంక యాడా లేవు సత్యా. మా చెల్లెలికి ఫోన్ చేసినా. కాలనీలో ఎవురి దగ్గరా లేవంట. అందరూ నారు కొనుక్కొచ్చుకుంటుండారు." గింజల్ని వేలితో ఒక పక్కకి జరిపి, "ఒక పది దాచుకుందామా?" అన్నారు.

నేను నవ్వాను. "దాచుకుని ఏం చేస్తారండీ, దేవుడి మందిరంలో పెట్టి హారతిస్తారా? ఆరేళ్ళ నాటి గింజ. ఏడాదికేడాది చచ్చిపోతా ఉంటది. అన్నీ వేస్తే సగమన్నా మొలుస్తాయి. దాస్తే అవి ఆ కాగితంలోనే పోతాయి. నేనుండగా మీకెందుకండీ బెంగ?"

ఆవిడ కోడలు మాధవి హైదరాబాదు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ల్యాప్‌టాప్ ముందు నుంచే అంది: "సత్యవతి ఆంటీ గ్యారంటీ ఇస్తున్నారు కదా అత్తయ్యా. ఇంక టెన్షన్ ఎందుకు?"

టీచరు గారు కాగితం మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టారు. వెంటనే వదల్లేదు. ఒక్క క్షణం పట్టుకునే ఉన్నారు. అది నేను గమనించాను.

పాత గింజ గురించి నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ పది ఆపినా ఇరవై నాలుగు వేసేదాన్ని. కనీసం నాలుగు ఆపినా సరిపోయేది. వాల్టర్ నియమం నాకు తెలుసు. లాగ్‌బుక్‌లో ఆపిన గింజల గడిలో నా చేత్తోనే సున్నా రాశాను. వాల్టర్ అది చూసి, నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. సొంత మొక్కలు బెంచీ మీద పెట్టనివ్వడం కంపెనీ పద్ధతి కాదు. నా మొహం చూసి ఒక్క ట్రేకి ఒప్పుకున్నాడు, అది కూడా మే నెలాఖరు దాకా.

పంతొమ్మిది మొలిచాయి. అంత పాత గింజకు అది మంచి లెక్క. నేను చాలామందికి చెప్పుకున్నాను.

ఏప్రిల్లో గార్డెన్ వాళ్ళు మడులు పంచారు. టీచరు గారికి వాలు పైనున్న మడి వచ్చింది. మట్టి పల్చన, గులకరాళ్ళు. నేను వెళ్ళి చూసి, కిందకి దిగాను. వాగు దగ్గర పల్లంలో ఒక మడి ఖాళీగా ఉంది. నల్లటి మట్టి. పిడికిట్లో పిసికితే ముద్దయి, వేలితో పొడిస్తే విడిపోయింది. చెమ్మ ఉంది. గోదావరి పక్క పుట్టినదాన్ని. పల్లం అంటే మాకు బంగారం. కూర మడికి పల్లమే వెతుక్కుంటాం, మెరక భూమి వైపు అది దొరకనప్పుడే చూస్తాం. అంత మంచి మడి ఖాళీగా ఎందుకుందా అని నేను ఆలోచించలేదు. గార్డెన్‌లో మడి కోసం జనం రెండేళ్ళు లైన్లో ఉంటారు, ఆ ఒక్కటే ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోలేదు. ఈ దేశం వాళ్ళకి మట్టి తెలీదనుకున్నాను.

"ఆ గులకరాళ్ళలో వంకాయేంటండీ, పులుసులోకి రాళ్ళు కాయిస్తారా?" అని టీచరు గారితో ఆ రోజే ఫారం మార్పించాను. సరేనని సంతకం పెట్టారు.

మే లాంగ్ వీకెండ్ అయిపోయాక గ్రీన్‌హౌస్ సగం ఖాళీ అవుతుంది. వంగకు తెల్లదోమ పడుతుంది. మిగిలిన మొక్కలకు పాకుతుందని వాల్టర్ నా ట్రే తీసెయ్యమన్నాడు. ఇచ్చిన గడువు కూడా అయిపోయింది. నేను పద్ధతి ప్రకారమే చేశాను. ఇరవై డిగ్రీల్లో పెరిగిన మొక్కను ఒక్కసారి బయట పెడితే గాలికే చస్తుంది. పది రోజులు పగలు బయట, సాయంత్రం లోపల పెట్టాలి. నీళ్ళు తగ్గించాలి, ఎరువు ఆపాలి. దాన్ని హార్డెనింగ్ అంటాం, మొక్కను రాటుదేల్చడం. కాండం ఊదా రంగు తిరిగి గట్టిపడింది. ఇంకో రెండు వారాలు ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకుని ఉండొచ్చు. కానీ నాకు కూరకు కాయలు కాదు, గింజ కావాలి. కాయ పసుపు తిరిగి ముగ్గి గింజ పండాలంటే పువ్వు తర్వాత రెండు నెలలు. సెప్టెంబరు చలి నుంచి వెనక్కి లెక్కేసుకుంటే ఒక్క రోజు కూడా పోగొట్టకూడదనిపించింది. శుక్రవారం సాయంత్రం నాటాను.

ఇక్కడ ఫ్రాస్ట్ అనే మాట చెప్పాలి. మన ఊళ్ళో మంచు అంటే ఆకు మీద నీటి బొట్టు. ఎండ రాగానే పోతుంది, మొక్కకు మేలే. ఫ్రాస్ట్ అది కాదు. ఆకు లోపలి నీరే గడ్డకడుతుంది. గడ్డ కరిగేటప్పటికి ఆకు లోపల అంతా చీలిపోయి ఉంటుంది. టమాటాకు కొంచెం ఓర్పు ఉంది. వంగకు అసలు లేదు.

నేను నాటుతుంటే పై మడి వాసిల్ దిగి వచ్చాడు. ఉక్రెయిన్ నుంచి పడుచు వయసులో వచ్చి, రైల్వేలో పనిచేసి రిటైరైన ముసలాయన. టమాటాలు, బీట్‌రూట్, వెల్లుల్లి వేసేవాడు. మా ఇద్దరి ఇంగ్లిషు ఒకలాంటిదే, అంచేత బాగానే అర్థమయ్యేది.

వంకాయా, ఇక్కడా అన్నాడు. అవునన్నాను. అయితే ఇవాళ కప్పు అన్నాడు. చలి ఈ వాలు మీద నీళ్ళలాగే దిగుతుంది, దిగి ఇక్కడ కూచుంటుంది, వాగు గట్టు అడ్డం కాబట్టి కదలదు అని చేత్తో చూపించాడు. నేను ఫోన్ తీసి చూపించాను: రాత్రికి మూడు డిగ్రీలు.

"అది ఎయిర్‌పోర్టులో," అన్నాడు. "వంకాయలు ఎయిర్‌పోర్టులో వేశావా?"

నాకు మండింది. నేను పదహారేళ్ళుగా గ్రీన్‌హౌస్‌లో ఇదే పని చేస్తున్నానన్నాను.

"లోపల," అన్నాడు వాసిల్. ఆ ఒక్క మాటే అని, తన పార పట్టుకుని పైకి పోయాడు.

కప్పడానికి నా కారు డిక్కీలో ఫ్రాస్ట్ గుడ్డ చుట్ట ఉంది. మా పనివాళ్ళం వసంతంలో అది లేకుండా బండి తియ్యం. నాలుగు పుల్లలు పాతి పరవడానికి పదిహేను నిమిషాలు. పరవలేదు. మూడు డిగ్రీలన్నారు కదా అనుకున్నాను. నారు పెంచినదానికి నాకు రైలు పట్టాల మనిషి చెప్పేదేంటి అని కూడా అనుకున్నాను. రెండోదే అసలు కారణం.

తెల్లవారి మాధవి ఫోన్. "ఆంటీ, కార్ విండ్‌షీల్డ్ అంతా తెల్లగా ఉంది. అత్తయ్య నాలుగింటికే లేచి కూర్చున్నారు, గార్డెన్‌కి వెళ్దామంటున్నారు. మొక్కలు ఓకేనా?" వస్తున్నానన్నాను.

నేను చేరేటప్పటికి వాళ్ళిద్దరూ మడి దగ్గర ఉన్నారు. టీచరు గారు స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, చేతిలో చిన్న సంచి పట్టుకుని ఉన్నారు. సంచిలో పసుపు, కుంకుమ. మొదటి మొక్కకు పెట్టాలని ముందే అనుకున్నారు. వాసిల్ అప్పటికే కిందకు వచ్చి, కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

మొక్కలు నిటారుగా ఉన్నాయి. ఆకుల అంచుల వెంట ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది.

"బాగానే ఉండాయి సత్యా," అన్నారు టీచరు గారు. "చూడు, నిలబడే ఉండాయి."

నేను ఒక ఆకు పట్టుకున్నాను. గాజులా గట్టిగా ఉంది, లోపల ముదురు రంగు తిరిగింది. కాండాన్ని గోటితో గీకి చూశాను. మొదలు దాకా నీరు కమ్మి ఉంది. వాలు పైకి చూశాను. ఇరవై అడుగుల పైన, మేము వదులుకున్న మడి పక్కనే, వాసిల్ టమాటాలు ఏ గుడ్డా లేకుండా పచ్చగా ఉన్నాయి. అక్కడ ఎక్కడా తెలుపు లేదు.

వాసిల్ నీళ్ళ క్యాను తెచ్చి వరస మొదటి మొక్క నుంచి ఆకుల మీద సన్నగా పొయ్యడం మొదలుపెట్టాడు. ఎండ తగిలేలోగా మెల్లగా కరిగిస్తే కొన్ని మొక్కలు బతుకుతాయి. వంగ బతకదు. అది ఆయనకూ తెలుసు. అయినా పంతొమ్మిదింటికీ పోశాడు.

ఆరు దాటాక ఎండ చెట్ల మీంచి మడిలోకి దిగింది. ఒక్కొక్క ఆకూ ఉడికిన తోటకూరలా వేలాడింది. టీచరు గారు సంచి మూతి ముడివేశారు.

అప్పుడు నేను నోరు తెరిచాను. "వాతావరణం వాళ్ళు మూడు డిగ్రీలన్నారండీ. ఫోన్లో చూశాను. ఇలా అవుతదని ఎవరికి తెలుస్తదండీ?" వాసిల్‌కు అర్థం కాకుండా తెలుగులో అన్నాను.

మాధవికి అనుమానం వచ్చింది కాబోలు. వాసిల్ వైపు తిరిగి ఇంగ్లిషులో అడిగింది: ఇక్కడ ఇలా ఫ్రాస్ట్ పడుతుందని మీకు ముందే తెలుసా? ఆయన నా వైపు చూశాడు. తర్వాత టీచరు గారి వైపు చూశాడు. ఈ ఊళ్ళో ఎవరికి తెలుస్తుందమ్మా అన్నాడు.

టీచరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "పది దాచింటే బాగుండు. నాదే తప్పులే సత్యా. నీకు గట్టిగా చెప్పల్సింది నేను."

మొహం మీద మాట అనేస్తుందని నాకు పేరు. కడియంలోనూ అదే పేరు, గ్రీన్‌హౌస్‌లోనూ అదే. వాల్టర్‌కి సైతం ఎరువు ఎక్కువైందని పదిమందిలో చెప్పినదాన్ని. ఆ ఉదయం ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆరున్నరకు డ్యూటీకి పోయాను.

వాల్టర్ అడిగితే పోయాయన్నాను. లాగ్‌బుక్ తీసి, నా వరస చివర తేదీ వేసి, నష్టం అని రాయమన్నాడు. రాశాను. ఆ అక్షరాలు నేర్పిన మనిషి మొక్కలే అవి.

టీచరు గారు తర్వాత ఎనిమిది చోట్లకు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేయించారు. ముళ్ళ వంకాయలు దొరికాయి గానీ ఆ చారల రకం దొరకలేదు. ఆగస్టులో వాసిల్ మా ఇద్దరికీ చెరో సంచి టమాటాలిచ్చాడు. ఆవిడ వెళ్ళాక నేను అడిగాను, ఆ రోజు నన్నెందుకు కాపాడావని.

నిన్ను కాదు అన్నాడు. ఆ పెద్దావిడకు అప్పటికే మొక్కలు పోయాయి, అదే పూట నిన్ను కూడా పోగొట్టడం ఎందుకని ఊరుకున్నాను అన్నాడు. తర్వాత చెప్పుకోవాల్సింది నువ్వు అని కూడా అన్నాడు. చెబుతానన్నాను. వాసిల్ రెండు చలికాలాల కిందట పోయాడు.

టీచరు గారి అబ్బాయికి ఉద్యోగం మారి వాళ్ళు దేశం తూర్పున వాన్ అనే ఊరికి వెళ్ళిపోయారు. ఆదివారాలు ఫోన్ చేస్తారు. అప్పుడప్పుడు ఆ మాట వస్తుంది. "ఆ యేడు చలి మోసం చేసిండె," అంటారు. నేను అవునండి అంటాను. ఆవిడకు ఎనభై నిండాయి. భూతద్దం పెట్టుకుని తెలుగులో అచ్చయింది ఏది దొరికినా చదువుతారు. ఇది కూడా చదువుతారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఆఖరి గింజలైతే కొన్ని ఆపాలి, మొలవవని తెలిసినా ఆపాలి. చల్లటి దేశంలో మడిని మట్టి చూసి ఎంచకూడదు, చలి ఎటు దిగుతుందో చూసి ఎంచాలి. మంచి మట్టి ఉండి కూడా ఎవరూ తీసుకోని మడి కనిపిస్తే ముందు కారణం అడగాలి. పదహారేళ్ళు లోపల పనిచేసిన మనిషి బయట కొత్త కూలీతో సమానం. తప్పు జరిగితే ఆ మడి దగ్గరే, ఆ గంటలోనే ఒప్పుకోవాలి. ఆలస్యం చేస్తే అది ఇంకో తప్పవుతుంది, దాన్ని మోసేది కూడా మనమే.

ఆ ఉదయం అక్కడున్నది నలుగురం. విత్తనం ఇచ్చిన యర్రగుడి సుభద్రమ్మ గారు. ఆవిడ కోడలు మాధవి. కప్పమని ముందురోజు సాయంత్రమే చెప్పిన వాసిల్. విని కూడా కప్పని పంపన సత్యవతి.